మా అక్క పిల్లలను మళ్లీ బడికి పంపినవాళ్లందరికీ

మా అక్కా బావా రోడ్డు ప్రమాదంలో పోయాక వాళ్ల పిల్లలిద్దరినీ కొండమల్లేపల్లి దగ్గర మా ఊరికి తెచ్చుకున్నాం. పాపది ఏడో తరగతి, బాబుది మూడు.

ముందు మా ఊరి బడి హెడ్మాస్టరు గారికి దండాలు. ఫీజు బాకీ ఉందని పాత బడివాళ్లు టీసీ ఇవ్వలేదు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం టీసీ రాలేదని పిల్లలను ఆపకూడదంటూ సార్ అప్పటికప్పుడే చేర్చుకున్నారు.

బాబు అప్పటికి మాట్లాడటమే మానేశాడు. రాత్రిళ్లు పక్క తడిపేవాడు, లారీ హారన్ వినబడితే చెవులు మూసుకునేవాడు. క్లాసు టీచరమ్మ వాణ్ని లేచి చదవమని ఒక్కనాడూ అడగలేదు. గుమ్మం దగ్గర కూర్చుంటానంటే కూర్చోనిచ్చింది, బొమ్మలేసుకోనిచ్చింది. మధ్యాహ్న భోజనం వండే అక్క వాణ్ని పక్కనే కూర్చోబెట్టుకుని తినిపించేది. వాడి నోట మళ్లీ మాట వచ్చింది ఆమె దగ్గరే. ఇంకో గుడ్డు అడిగాడు. ఆమె ఏడ్చుకుంటూ మా ఇంటికి ఉరికొచ్చింది.

మనసు బాగోలేనివాళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమని చెప్పింది మా ఆశా కార్యకర్త. పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. "అమ్మ ఊరికి పోయింది" లాంటి మాటలు వద్దని, చనిపోయిందనే నిమ్మళంగా చెప్పమని వాళ్లే ధైర్యమిచ్చారు. మా అమ్మ వాణ్ని ఒళ్లో పెట్టుకుని చెప్పింది. ఆ తర్వాత నల్గొండ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలు మేడం చూస్తున్నారు. ఇప్పుడు నిద్ర పడుతోంది.

చెరో హాస్టల్లో వేయమని చుట్టాలు చాలామంది అన్నారు. అక్కాతమ్ముళ్లను విడదీయొద్దని గట్టిగా నిలబడింది జిల్లా బాలల పరిరక్షణ విభాగం మేడమే. పిల్లల కోసం ఉన్న సర్కారు పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు ఒక్కొక్కరికి 4,000 రూపాయలు వచ్చేలా కాగితాలన్నీ దగ్గరుండి చేయించారు. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటని కుటుంబాలకు ఇది ఇస్తారు. తల్లిదండ్రులు లేని పిల్లలను సాకుతున్న అమ్మమ్మలు, మేనమామలు మన దగ్గర ఎందరో ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి దయచేసి చెప్పండి, పిల్లల సాయం నంబరు 1098కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఆసుపత్రికి పోయినప్పుడల్లా కిరాయి వద్దన్న ఆటో అన్నకు, పాపకు పుస్తకాలు, సైకిల్ పంపిన పదో తరగతి బ్యాచ్ దోస్తులకు చేతులెత్తి మొక్కుతున్నా. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయలేదు. సద్దుల బతుకమ్మకు మీరంతా ఇంటికి రావాలని అమ్మ మరీమరీ చెప్పమంది.