పన్నెండు ముక్కల బొంత

లింకన్, నెబ్రాస్కా, అమెరికా
కార్తీక మాసం

వదినకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీరూ అన్నయ్యా అమ్మా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కిన్వట్‌లో అప్పుడే చలి మొదలైందని అన్నయ్య చెప్పాడు. పైనగంగ ఒడ్డు చలి నాకు బాగా తెలుసు.

మొన్న ఫోనులో మీరన్న మాట నా మనసులో ఉండిపోయింది. పెద్దమ్మాయి నాందేడ్ హాస్టలుకు వెళ్తోంది, ఒక బొంత కుట్టి పంపుదామంటే అత్తయ్యకు చూపు ఆనడం లేదు, నాకు బ్లౌజుల పని తెమలడం లేదు, బజారులో రగ్గు కొనిచ్చేస్తాం అన్నారు. రగ్గు కొనకండి వదినా. మీరూ అమ్మా కలిసి శని, ఆదివారాల్లో పూర్తి చేయగలిగిన బొంత ఒకటుంది. కొలతలు ఫోనులో చెబితే నిలవవు. కాగితం మీద ఉంటే మిషను పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

మా వీధి చివర ఒక చర్చి ఉంది. వారానికొకసారి అక్కడ పెద్దవయసు ఆడవాళ్లు చేరి బొంతలు కుడతారు. నేనూ వెళ్లి కూర్చుంటాను. కుట్టినవన్నీ లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సేవాసంస్థకు పంపుతారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో పుట్టిన సంస్థ అది. యుద్ధాల్లో, వరదల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లకు ఈ బొంతలు చేరుస్తుంది. బొంత 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉండాలి. కప్పుకున్నవాళ్లకు చలి ఆగాలి, ఉతికితే చెదరకూడదు, త్వరత్వరగా తయారవ్వాలి. అందుకని వీళ్లు పెద్ద పెద్ద చదరాలు కోసి కలిపేస్తారు. వాళ్లలో ఒకావిడకు వేళ్ల కణుపులు వాచి ఉంటాయి. సన్నని కుట్టుపని ఎప్పుడో మానేసింది, బొంతలు మాత్రం మానలేదు. ఆవిడ మిషను ముందు కూర్చుని పెద్ద చదరాన్ని రెండు చేతులతో నెమ్మదిగా తోస్తుంటే, ఇది అమ్మ కూడా చేయగలదు కదా అని ప్రతిసారీ అనిపిస్తుంది.

లెక్క చూడండి. ఆ కొలత బొంతను 5 అంగుళాల చదరాలతో కుట్టాలంటే 192 ముక్కలు కావాలి. 20 అంగుళాల చదరాలైతే పన్నెండే. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు. చిన్న ముక్కలు కలపడానికి మిషను మీద 1,780 అంగుళాల కుట్టు నడపాలి, అంటే దాదాపు 150 అడుగులు. పెద్ద ముక్కలకు 340 అంగుళాలు, 30 అడుగుల లోపే. అసలు ఓపిక తినేసేది నాలుగు మూలలు ఒకచోట కలిసే చోట్లు. ఒకటి పక్కకు జరిగితే పక్కవన్నీ వంకరపోతాయి. చిన్న ముక్కల బొంతలో అలాంటి చోట్లు 165 వస్తాయి, పెద్ద ముక్కల దానిలో ఆరు. ఆరు మూలలకు గుండుసూదులు పెట్టి సరిచేసుకునే ఓపిక ఎవరికైనా ఉంటుంది.

త్వరగా అవుతుందన్నది ఒక లాభం. నాకు అంతకన్నా ఇష్టమైనది ఇంకొకటి ఉంది. పెద్ద ముక్కలో గుడ్డ అందం గుడ్డకే మిగులుతుంది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నా, 1956 దాకా మన కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది కదా. అందుకేనేమో నాయనమ్మ పెట్టెలో సిద్దిపేట చీరలు, నారాయణపేట చీరలు, ఇర్కల్ చీరలు, మరాఠీవాళ్లు కట్టే తొమ్మిది గజాల చీర అన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ సిద్దిపేట చీర మీద తలపై కుండతో గొల్లభామ బొమ్మ ఉంటుంది కదా. ఆ చీరను 5 అంగుళాల ముక్కలు చేశామనుకోండి, ఒక ముక్కలో కుండ, ఇంకో ముక్కలో పావడా అంచు మిగులుతాయి. ఆ మనిషి ఎటో పోతుంది. 20 అంగుళాల చదరంలో తల మీది కుండతో సహా నిండుగా నిలబడుతుంది. నారాయణపేట గళ్లు కూడా అంతే, నాలుగైదు గళ్లు పక్కపక్కన కనిపిస్తేనే ఆ నేత అందం తెలుస్తుంది. మన పిల్ల హాస్టలు గదిలో దుప్పటి విప్పితే ఏది నాయనమ్మ చీరో, ఏది అమ్మ చీరో చూడగానే గుర్తుపట్టాలని నా కోరిక.

ఇది ఇక్కడివాళ్ల దగ్గర కొత్తగా నేర్చుకున్న విద్య అని అమ్మ అనుకోవద్దని చెప్పండి. ఆమె బొంత కుట్టేటప్పుడు చీరను చిన్న ముక్కలు ఎప్పుడు చేసింది? పాత పంచెలు రెండు మూడు పొరలు పరిచి, పైన సగం చీరను అలాగే పరిచి, చిరిగిన చోట మాత్రం ఇంకో గుడ్డ వేసి కుట్టుకుంటూ పోయేది. పక్కింటి మరాఠీ పిన్ని, మన కాకు, గోధడీ అనే వాళ్ల బొంతను కూడా అలాగే కుడుతుంది. నెలల తరబడి పట్టేది ఆ మీద వేసే ఒత్తు కుట్ల వల్లనే.

ఈ ఊళ్లో బొంతలకే ఒక మ్యూజియం ఉంది, ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం అని. ఆర్డిస్, రాబర్ట్ జేమ్స్ దంపతులు తాము కూడబెట్టిన దాదాపు 950 బొంతలను 1997లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి ఇచ్చేయడంతో అది మొదలైంది. 2008లో సొంత భవనం వచ్చింది. పెన్సిల్వేనియాలో లాంకస్టర్ ప్రాంతపు ఆమిష్ ఆడవాళ్లు కుట్టిన బొంతల్లో కొన్నింటికి మధ్యలో ఒకే ఒక పెద్ద వజ్రాకారపు ముక్క ఉంటుంది, చుట్టూ వెడల్పాటి పట్టీలు, అంతే. పువ్వు అచ్చులు ఏవీ ఉండవు. దగ్గరికి వెళ్తే ఆ సాదా గుడ్డ మీద చేతికుట్టు తీగలు తీగలుగా అల్లుకుని కనిపిస్తుంది. ముక్క పెద్దది కాబట్టే కుట్టుకు చోటు దొరికింది. అలబామాలో గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి కట్టి చిరిగిన ప్యాంట్లు, చొక్కాలను పెద్ద పెద్ద పట్టీలుగానే కలిపి కుట్టారు. ఇంట్లో చలి కోసం కుట్టుకున్నవే అవి. తరువాత పెద్ద పెద్ద మ్యూజియాలు ప్రదర్శించాయి, 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతల బొమ్మలతో స్టాంపులు వేసింది. అమ్మ బొంతను వీటి పక్కన పెట్టడానికి నేను ఏమాత్రం సంకోచించను.

ఇక పనిలోకి వద్దాం.

చీరల ఎంపిక అమ్మకే వదలండి. నూలువి మాత్రమే తీయమనండి. పాలిస్టర్ ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతుంది, చెమట పీల్చదు. ప్రతి చీరనూ కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. కూర్చునే చోట, కాళ్ల దగ్గరి అంచు వెంట గుడ్డ అరిగి, జల్లెడలోంచి వచ్చినట్టు వెలుతురు వస్తుంది. ఆ భాగం వదిలేసి గట్టిగా ఉన్నచోటే కోయండి. ఎరుపు, మెరూన్ చీరలుంటే ఒక మూల తడిపి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే విడిగా ఉతికి మళ్లీ చూడండి. అప్పటికీ దిగుతుంటే దాన్ని ఈ బొంతలో కలపకండి.

అట్టపెట్టె నుంచి 21 అంగుళాల చదరం ఒకటి కోసుకోండి. అన్ని ముక్కలకూ అదే అచ్చు. నాలుగు వైపులా అర అంగుళం కుట్టులోకి పోతే 20 మిగులుతుంది. ఇక్కడివాళ్లు పావు అంగుళమే వదులుతారు. వాళ్లది కొత్త గుడ్డ, ఒత్తు నేత. మన పాత చీరకు పోగులు జారతాయి కాబట్టి అర అంగుళం ఉండాల్సిందే. చీర వెడల్పు 45 అంగుళాలుంటే అడ్డంగా రెండు చదరాలు వస్తాయి. ఒక్కో చీరలో నాలుగు చొప్పున తీసినా మూడు చీరలు చాలు. కోసే ముందు ఒక పోగు కొస పట్టుకుని మెల్లగా లాగండి. అది వచ్చిన దారిలో గుడ్డ మీద సన్నని గీత పడుతుంది. ఆ గీత వెంట కత్తెర పోనిస్తే ముక్క వంకర పోదు. పాత చీర ఉతికి ఉతికి ఐమూలగా సాగి ఉంటుంది, కంటి కొలతను నమ్మలేం.

పన్నెండు ముక్కలనూ మంచం మీద పరిచి, ముదురువీ లేతవీ మార్చి మార్చి చూసుకోండి. ఈ పని పిల్లలకు ఇవ్వండి, వాళ్లకు భలే సరదాగా ఉంటుంది. తరువాత మూడేసి ముక్కలు కలిపి నాలుగు వరుసలు చేయండి. మొదటి వరుసలో కుట్టు మడతలను కుడివైపుకు, రెండో వరుసలో ఎడమవైపుకు ఇస్త్రీ చేసుకుంటూ పోతే, వరుసలు కలిపేటప్పుడు మూలల దగ్గర మడతలు ఎదురెదురుగా కూర్చుంటాయి, మందం ఒకచోట పేరుకోదు.

లోపలి పొర దగ్గర ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. చుట్టూ నల్లరేగడిలో పత్తి పండుతుంది కదా అని ఏకిన దూది వేయకండి. విడి దూదికి దగ్గర దగ్గరగా కుట్లు పడాలి. లేకపోతే ఒక్క ఉతుకుకే ఉండలు కట్టి మూలలకు చేరుతుంది. హాస్టలులో పిల్ల దాన్ని ఎండలో పరిచి దులుపుకుంటూ కూర్చోలేదు. పాత పలచటి రగ్గు కానీ, ఫ్లానెల్ దుప్పటి కానీ ఒకటి పరచండి, అవి లేకపోతే పంచెలు రెండు మూడు పొరలు వేయండి. కదలని పొర ఉంటేనే ఎడంగా వేసిన కుట్లు నిలుస్తాయి.

అడుగు గుడ్డకు ఒక చీర సరిపోతుంది. 68 అంగుళాల పొడవున రెండు ముక్కలు కోసి, పొడుగు అంచులు రెండూ కలిపి కుట్టండి. 68కి 89 అంగుళాల గుడ్డ వస్తుంది, చుట్టూ నాలుగేసి అంగుళాలు ఎక్కువ. దాన్ని నేల మీద తిరగేసి ముడతలు లేకుండా లాగి పరిచి, మూలల్లో బరువులు పెట్టండి. దాని మీద లోపలి పొర, ఆ పైన చదరాల గుడ్డ. మధ్య నుంచి అంచులకు వెళ్తూ బెత్తెడు దూరానికొక పిన్నీసు పెట్టండి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ ఉబ్బిపోతుంది.

కాలి మిషను మీద ఇంత మందం నడపడం మీకు కష్టమైతే నడపకండి. చర్చిలో ఆడవాళ్లు ముళ్లే వేస్తారు. మందపాటి నూలు దారం పెద్ద కన్నున్న సూదిలోకి ఎక్కించి, పై నుంచి కిందికి దించి, పావు అంగుళం పక్కన మళ్లీ పైకి తీసి, కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి వేసి బిగించాలి. నాలుగైదు అంగుళాలకొక ముడి. కొసలు మరీ దగ్గరగా కత్తిరించకండి, అంగుళం ఉండనివ్వండి. ఈ దారం అమ్మ కంటికి ఆనుతుంది. ఆమెకు చేతికుట్టు మీద మనసు పోతే, గొల్లభామ ఉన్న ఒక్క చదరం ఆమెకు వదిలేయండి. అంచు నుంచి లోపలికి వరుస మీద వరుస ఆమె వేసే కుట్టు ఆ ఒక్క చదరంలో ఉంటే చాలు, బొంత మొత్తం ఆమెదే అవుతుంది.

అంచుకు వేరే పట్టీ అక్కర్లేదు. లోపలి పొరను పై గుడ్డకు సమంగా కత్తిరించి, అడుగు గుడ్డను రెండు అంగుళాలు వదిలి కోయండి. దాన్ని ఒక మడత, మళ్లీ ఒక మడత పైకి మడిచి చుట్టూ మిషను కుట్టు వేసేయండి.

చీరల అంచులు మిగిలితే పారేయకండి. మధ్యలో 4 అంగుళాల చదరం పెట్టి, దాని చుట్టూ 4 అంగుళాల పట్టీలు ఒక చుట్టు తిప్పితే 12 అంగుళాలవుతుంది, ఇంకో చుట్టు తిప్పితే 20. కుట్టుకు అర అంగుళం చొప్పున పోతుంది కాబట్టి మధ్య చదరాన్ని 5 అంగుళాలకు, పట్టీలను 5 అంగుళాల వెడల్పున కోసుకోవాలి. ఇక్కడ దీన్ని లాగ్ క్యాబిన్ అంటారు, ఈ దేశంలో చాలా పాత నమూనా. చిన్నవాడికి వచ్చే చలికాలానికి అలాంటిది కుడదాం, ఇప్పుడు తొందర లేదు.

మందపాటి దారం రీళ్లు, 16 నంబరు మిషను సూదులు, పెద్ద కన్ను చేతిసూదులు ఒక పొట్లం కట్టి హైదరాబాద్ వస్తున్న స్నేహితురాలి చేతికిచ్చాను. ఆమె అక్కడి నుంచి ఆదిలాబాద్‌కు పార్సిల్ వేస్తుంది, అన్నయ్యను తీసుకోమనండి. పెద్దమ్మాయి హాస్టలు మంచం మూడడుగుల వెడల్పేనా, ఇంకా ఎక్కువా అని కనుక్కుని చెప్పండి. వెడల్పు ఎక్కువైతే నిలువుగా ఇంకో వరుస కలిపి పదహారు చదరాలు చేద్దాం. అప్పుడు అడుగు గుడ్డ లెక్క మారుతుంది, అది మళ్లీ రాస్తాను. గొల్లభామ చీరకు మాత్రం అమ్మ తన నోటితో సరే అన్నాకే కత్తెర పెట్టండి.

అమ్మకూ అన్నయ్యకూ నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

మీ ఆడపడుచు