చలానా బండికి, పాయింట్లు మనిషికి

సంపాదకులకు,

నేను హనుమకొండ–హైదరాబాద్ రూట్లో ఏళ్ల తరబడి ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాను. మా చిన్నోడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. పోయినేడు షిఫ్టుకు ఆలస్యమైందని ఎం6 మోటార్‌వే మీద గంటకు 102 మైళ్ల వేగంతో పోయి కెమెరాకు చిక్కాడు. అక్కడ హద్దు 70 మైళ్లు, అంటే 112 కిలోమీటర్లు. మావాడిది 164. బస్సు డ్రైవర్ కొడుకు!

ముందు నోటీసు వచ్చింది. ఆ సమయంలో స్టీరింగ్ మీద ఎవరున్నారో 28 రోజుల్లో చెప్పాలట. చెప్పకపోతే అది వేరే నేరం, దానికీ ఆరు పాయింట్లు (తప్పు చేస్తే లైసెన్సు మీద పడే మార్కులు). కాస్త మించితే 100 పౌండ్లు, 3 పాయింట్లతో పోయేది కానీ ఇంత వేగానికి కోర్టే. వారం జీతానికి ఒకటిన్నర రెట్లు జరిమానా. తప్పు ఒప్పుకున్నందుకు మూడో వంతు తగ్గించారు. సర్‌చార్జీ, కోర్టు ఖర్చులు కలిపితే మన డబ్బుల్లో ఎనభై వేలు దాటింది.

ఆ వేగానికి కోర్టు 7 నుంచి 56 రోజులు లైసెన్సు ఆపొచ్చు, లేదా ఆరు పాయింట్లు వేయొచ్చు. బండి లేకపోతే నౌకరీ పోతుందని మావాడు రాసుకుంటే పాయింట్లే వేశారు. మా ఆవిడ భద్రకాళి గుడిలో కొబ్బరికాయ కూడా కొట్టింది. తర్వాత ఇంకో ఉత్తరం: టెస్టు పాసైన రెండేళ్లలోపు ఆరు పాయింట్లు పడితే లైసెన్సే రద్దు. మావాడు పాసై పద్నాలుగు నెలలే. నెల రోజులు ఆపినా మేలుండేది. మళ్లీ ఎల్ బోర్డు, రాత పరీక్ష, రోడ్డు పరీక్ష.

దానికంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్సు. అయిదేళ్లలో పడ్డ శిక్షలన్నీ అడుగుతారు. ఈసారి చెప్పిన ప్రీమియం పాతదానికి దాదాపు రెట్టింపు. దోస్తు ఎవరో దాచిపెట్టమన్నాడట. దాచి, రేపు ప్రమాదం జరిగితే పాలసీ చెల్లదంటారు, ఆ పని చేయొద్దన్నాను.

ఇక మన దగ్గర. మా మేనల్లుడి కారు మీద జనగామ–హైదరాబాద్ హైవే స్పీడు చలానాలు ఏడున్నాయి. ఒక్కోటి 1,035 రూపాయలు. కట్టరా అంటే, 'మామా, ఇప్పుడు కట్టుడెందుకు, ఎప్పుడో ఒకసారి డిస్కౌంట్ ఇస్తరు' అంటాడు. వాడిననేదేముంది? 2022లో టూవీలర్లకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ చేసింది ప్రభుత్వమే, కార్లకూ సగానికి పైనో సగమో తగ్గించారు. ఆ ఏడింటిలో నాలుగు డ్రైవర్ కుర్రాడు నడిపినప్పటివి. చలానా నంబరు ప్లేటుకు పడుతుంది కాబట్టి కుర్రాడికి ఏమీ కాలేదు. ఇన్సూరెన్సు రెన్యువల్‌కు పోతే చలానాల మాటే ఎత్తలేదు, పైగా క్లెయిమ్ లేదని బోనస్ ఇచ్చారు.

అతివేగానికి రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఉంది. నడిపినవాడెవరో అడగకుండా ఎవరి లైసెన్సు తీసుకుంటారు? ఉల్లంఘనలను బట్టి ప్రీమియం పెంచాలని ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్సు కంపెనీలను నియంత్రించే సంస్థ) వేసిన బృందం 2021లో ప్రతిపాదించింది కూడా. మళ్లీ రాయితీ ప్రకటించే ముందు రవాణా శాఖ వారు కనీసం ఆ నడిపినవాడి పేరు అడిగే నోటీసైనా మొదలుపెట్టాలి.

మావాడు ఇప్పుడు డ్యూటీకి బస్సులో పోతున్నాడు. కండక్టర్ ఉండడట, డ్రైవరే టికెట్ కొడతాడట.

– ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్, హనుమకొండ