ఈసారి కింగ్ పిన్నులు ఎందుకు ఆగాయంటే

లారీ ముందు చక్రం స్టీరింగ్‌తో పాటు పక్కకి తిరిగేది కింగ్ పిన్ను అనే స్టీలు కడ్డీ ఆధారంగానే. మా షెడ్డులో ఆ పిన్నులు తీసుకునే మేస్త్రీలకు, లారీ ఓనర్లకు, స్పేర్ పార్ట్స్ షాపుల వాళ్లకు నమస్కారం. గుంటూరు యార్డుకి మిర్చి లోడ్లు బండి వెనక బండి తిరిగే సీజన్లో మేం ఆర్డర్లు ఆపేశాం. మీలో కొందరికి కోపం వచ్చింది, రావడం న్యాయమే. విషయం బెజవాడ ఆటోనగర్‌లో టీ కొట్ల దగ్గర రకరకాలుగా తిరుగుతోందని తెలిసి నేనే రాస్తున్నాను.

మేం కొన్న రాడ్లలో వేరే స్టీలు కలిసింది. అదీ సంగతి.

కింగ్ పిన్నుకి మేం వాడేది ఈఎన్ 353 అనే రకం స్టీలు. దాంట్లో కార్బన్ 0.2 శాతం లోపే. అసలు పనంతా నికెల్, క్రోమియంలది. 930 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి పైపొరకి కార్బన్ పట్టించి, ఆయిల్లో ముంచి తీస్తే పైన అరగదు, లోపల విరగదు. పైన గట్టిదనం రాక్‌వెల్ మిషన్ మీద కొలిస్తే 58 నుంచి 62 మధ్య రావాలి, అంకె తగ్గితే మెత్తనని లెక్క. ఈ రాడ్లతో చేసిన లాటులో ఒక పిన్ను చక్కగా 60 చూపించింది. దాని పక్కదే ఒక వైపు 57, ఇంకో వైపు 43. ముందు మిషన్ మీద అనుమానపడ్డాం. గట్టిదనం ముందే తెలిసిన స్టాండర్డ్ బ్లాకు పెట్టి చూస్తే మిషన్ కరెక్టే. తర్వాత ఫర్నేసు మీద పడ్డాం, దాంట్లోనూ ఏం లేదు. చివరికి పిన్నుని అడ్డంగా కోసి, నున్నగా పాలిష్ పట్టి, యాసిడ్ రాశాం. మంచి పిన్నుకి అంచు చుట్టూ ఒకే మందంలో నల్లటి రింగు తేలుతుంది, గట్టిపడిన పైపొర అదే. దీనికి ఆ రింగు ఎక్కడికక్కడ తెగిపోయి, కొన్ని చోట్ల అసలు లేకుండా కనిపించింది. ముక్కని ల్యాబుకి పంపిస్తే నికెల్, క్రోమియం కలపని మామూలు మైల్డ్ స్టీలని రిపోర్టు వచ్చింది.

ఏ రకం స్టీలో తెలియడానికి కట్టకి వేసే రంగు సరైనదే. సర్టిఫికెట్ ఉంది, ఏ విడతలో కరిగించి పోసిందో చెప్పే హీట్ నంబరు ఉంది. కట్టలో కొన్ని రాడ్లు అసలువి, కొన్ని కావు. గ్రైండింగ్ రాయికి ఆనించి, రవ్వలు చూసి ఏ స్టీలో చెప్పే పెద్దాయన మా దగ్గర ఉన్నారు. ఆయనకీ దొరకలేదు. రవ్వల్లో తెలిసేది ముఖ్యంగా కార్బన్ సంగతి, ఈ రెండింట్లోనూ అది ఇంచుమించు ఒకటే. కలిపినవాడు ఎవడోగానీ ఈ కిటుకు తెలిసే కలిపాడని నా అనుమానం.

ఆ రాడ్లు అమ్మిన స్టీలు షాపుతో మాకు తాత నాటి సంబంధం. పేరు రాయను. ఫోన్ చేస్తే షాపాయన అన్న మాట మాత్రం రాస్తాను: "లారీ పిన్నే కదండీ, మీరేమన్నా రాకెట్ చేస్తున్నారా? బాగా వచ్చినవి ఏరుకుని వాడుకోండి." రాడ్లు మారినందుకంటే ఈ మాటకే ఎక్కువ మండింది.

ఊళ్లో షెడ్లన్నీ ఆటోనగర్‌కి తరలివచ్చిన రోజుల్లో మా తాత ఒక సెకండ్ హ్యాండ్ లేత్‌తో మొదలుపెట్టాడు. మద్రాసు, కలకత్తా రోడ్డు మీద తిరిగే లారీలే ఆయనకి అన్నం పెట్టాయి. నాన్న చేతికి వచ్చాక గ్రైండింగ్ మిషన్ కొన్నాం, ఆయనతో పాటే ఒక రూలూ వచ్చింది. గ్రైండింగ్ నుంచి దిగిన పిన్నుని వెంటనే కొలవకూడదు. కొలతలన్నీ 20 డిగ్రీల లెక్కలో ఉంటాయి, మన బెజవాడ ఎండలో షెడ్డు 42 డిగ్రీలు ఉంటుంది. ఆ తేడాకి 40 మిల్లీమీటర్ల పిన్ను దాదాపు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు, లావెక్కుతుంది. అందుకని పిన్నులూ, సరిచూసుకునే కొలత ముక్క మాస్టరూ, మైక్రోమీటరూ రాత్రంతా సర్ఫేస్ ప్లేటు అనే ఒకే చదును పలక మీద పక్కపక్కనే ఉండాలి. తెల్లారి, రేకులు కాలకముందే కొలవాలి. అర్జెంటని వచ్చినవాళ్లని కూడా నాన్న పొద్దున రమ్మని పంపేసేవాడు. ఇలా నడిచిన షెడ్డుకి వచ్చి రాకెట్ అంటే ఎలా ఉంటుంది?

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన విషయం. లాటులో సగానికి పైగా పిన్నులు మంచివే అయ్యుంటాయి. ప్రతి పిన్నునీ రాక్‌వెల్ మీద నాలుగు చోట్ల చెక్ చేద్దాం, పాసైనవి అమ్ముదాం అన్నాడు తమ్ముడు. లెక్కలు వాడే చూస్తాడు, లోన్ కిస్తీ సంగతి వాడికే తెలుసు. నేనేమో మిషన్ చెప్పేది మొన తాకిన చోటు గురించే కదా, తాకని చోటు సంగతేంటి అన్నాను. ఎనిమిది చోట్ల చూద్దాం అన్నాడు. భోజనాల దగ్గర కూడా ఇదే గొడవ. నాన్నని అడిగితే "ఇప్పుడు షెడ్డు మీది, మీ ఇష్టం" అని పేపర్లో తల దూర్చాడు. ఎప్పుడూ అడక్కుండా సలహా ఇచ్చే మనిషి, అడిగినప్పుడు ఇలా!

నిజం చెప్పాలంటే తమ్ముడి మాటే తెలివైనదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఏరుకోండి అని ఆ షాపాయన అన్నాక ఏరడానికి నాకు చెయ్యి రాలేదు. మొండితనం అనుకుంటే అనుకోండి. మంచీ చెడూ అన్నీ కలిపి గ్యాస్ కట్టర్‌తో రెండేసి ముక్కలు చేయించాను. ముక్కలు చేయకుండా పాత ఇనుము కింద వేస్తే అవే పాలిష్ కొట్టుకుని మళ్లీ ఏ షాపులో తేలతాయో మీకు నేను చెప్పాలా? తమ్ముడు నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

ఆ లాటులో చెక్‌లో పాసైన ట్రేలు కొన్ని ముందే బయటికి వెళ్లాయి. పిన్ను తల మీద మా గుర్తు పక్కన 7 అంకె ఉంటే అది ఆ లాటే. బిగించకపోతే తెచ్చి ఇవ్వండి, బిల్లు అడగను, కొత్తది ఇస్తాను. బండికి ఎక్కించి ఉంటే ఆలస్యం చేయకండి. పిన్ను, అది కూర్చునే బుష్షులు, వాటి రంధ్రం సైజుకి తెచ్చే రీమింగు, మీ మేస్త్రీ కూలీ, అన్ని ఖర్చులూ మావే. చక్రం ఆడితే చూద్దాంలే అనుకోవద్దు, మెత్తటి పిన్ను అరగడం మొదలుపెడితే ముందు టైరు పోతుంది, తర్వాత స్టీరింగ్ సంగతి మీకు తెలుసు.

ఇప్పుడు స్టీలు వేరే చోట కొంటున్నాం. ప్రతి రాడ్డు చివర ఒక బిళ్ల కోసి, ల్యాబు రిపోర్టు వచ్చాకే లేత్ ఎక్కిస్తున్నాం. కట్టకి ఒకటి కాదు, రాడ్డుకి ఒకటి. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి ముందు, మిగతావాళ్లకి వరసలో ఇస్తాం. ఆగలేనివాళ్లు అడ్వాన్స్ వెనక్కి తీసుకోవచ్చు, మనసులో ఏమీ పెట్టుకోను. ల్యాబు ఖర్చు పిన్ను మీద పడుతుంది కాబట్టి రేటు కొంచెం పెరుగుతుంది. దాని మీద బేరం మాత్రం లేదు, పాత కస్టమర్లకైనా సరే.