కార్డీలియా గొడవ

ఒరేయ్,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. తప్పు నాది కాదు, కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్‌ది. ఆవిడ ‘క్యాట్స్ ఐ’ పట్టుకుని కూర్చున్నాను. 1988లో వచ్చిన నవల, మరుసటి ఏడు బుకర్ బహుమతి తుది జాబితా దాకా వెళ్లింది. ఆడపిల్లల స్నేహాల కథ మనకెందుకులే అని తీసిపారేయకు. కథంతా చెప్పేస్తున్నాను, తిట్టుకోకు.

ఎలైన్ అని ఒక చిత్రకారిణి. నడివయసులో తన బొమ్మల ప్రదర్శన కోసం టొరంటో వస్తుంది. ఆ ఊరంటే ఆవిడకి ఒళ్లుమంట. తండ్రి పురుగుల మీద పరిశోధన చేసేవాడు కాబట్టి, చిన్నప్పుడు అడవుల వెంట తిరిగిన పిల్ల. తోటి ఆడపిల్లలతో ఎలా మెలగాలో తెలీదు. అలాంటిది పోయి పోయి కార్డీలియా చేతికి చిక్కింది. కార్డీలియా చెయ్యి చేసుకునే రకం కాదురా. నడక బాగాలేదంటుంది, నవ్వు బాగాలేదంటుంది, అంతా నీ మంచికేనంటుంది. ఎలైన్ రాత్రిళ్లు మంచం మీద కూర్చుని అరికాళ్ల తోలు రక్తం వచ్చేదాకా పీక్కుంటుంది. నొప్పెడుతుంటే ధ్యాస దాని మీద నిలుస్తుందట! అక్కడ పుస్తకం పక్కన పెట్టేశాను కాసేపు.

ఒకరోజు కార్డీలియా ఎలైన్ టోపీని వంతెన మీంచి లోయలోకి విసిరేసి, పోయి తెచ్చుకోమంటుంది. వాగు మీది మంచు విరిగి పిల్ల నీళ్లలో పడుతుంది. పైనున్న కార్డీలియా, దాని నేస్తాలూ చక్కా పోతారు. ఆ తర్వాత ఎలైన్ వాళ్ల పిలుపుకి పలకడం మానేస్తుంది. అంతే, అన్నాళ్ల పెత్తనం అక్కడితో సరి.

ఇక్కడితో ఆపేస్తే మామూలు కథే. హైస్కూల్లో మళ్లీ ఇద్దరూ జట్టవుతారు, ఈసారి తిరగబడిన వరసలో. ఎలైన్ పాత సంగతులన్నీ మర్చిపోయింది, నిజంగానే. నోరు మాత్రం కత్తిలా తయారైంది. కార్డీలియా మార్కులు పడిపోతూ, ధైర్యం చచ్చిపోతూ ఉంటే, ఎలైన్ దాన్ని స్మశానంలో నిలబెట్టి నేను రక్తపిశాచినని బెదిరిస్తుంది. మనకి మాత్రం తప్పనిపించదు, నవ్వొస్తుంది కూడా. అదే రచయిత్రి గడుసుతనం.

మధ్యలో ప్రేమలూ పెళ్లీ గొడవ కాస్త సాగదీసినట్టుంది, గబగబా చదివెయ్. ఆసుపత్రి ఘట్టం దగ్గర మాత్రం ఆగు. కార్డీలియాని మానసిక చికిత్సకి పెట్టిన చోటికి ఎలైన్ చూడ్డానికి వెళ్తుంది. నన్నిక్కడినుంచి బయటపడెయ్ అని బతిమాలుతుంది అది. ఈవిడ కుదరదంటుంది.

అందుకే మొదట చెప్పిన ప్రదర్శనలో ఎలైన్, ఎప్పుడొస్తుందా అని కార్డీలియా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. క్షమాపణ కోసమని నేననుకోను. తన చిన్నతనానికి సాక్షి అదొక్కతేరా, మిగతావాళ్లకి చెప్పినా అర్థం కాదు. మీ ఆవిడైతే ఇదంతా పగ తీరక పడే బాధ అంటుందేమో, ఆవిడచేత కూడా చదివించు. కార్డీలియా రాదనుకో.

ఆసుపత్రిలో ఎలైన్ చేసింది ద్రోహమేనా? నేనైతే కాదనే అంటాను. నువ్వు కచ్చితంగా అవునంటావు. చదివి, తిట్టదల్చుకుంటే తీరిగ్గా తిడుతూ రాయి.

ఉంటానురా.