నాన్న స్కోరుకార్డులు: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

నాన్నకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. కుడిచేతిలో పట్టు పోయింది, మాట ఇంకా ముద్దగానే వస్తోంది. ఆయన అడిగింది ఒక్కటే, తన పాత డ్రాయింగులన్నీ ఒకచోట చేర్చమని. 40 ఏళ్ల ఆర్కిటెక్టు బతుకంతా అటక మీద ట్రేసింగు కాగితం చుట్టలుగా పడి ఉంది. ఒకటి విప్పబోతే అంచు పెళుసుగా విరిగి చేతికొచ్చింది. భయమేసి సాయమడిగాను.

ఒకప్పుడు ఆయన దగ్గర డ్రాయింగులు గీసిన నలుగురు మూడు ఆదివారాలు వచ్చారు. చుట్టల్ని బరువుల కింద మెల్లగా సాపుచేసి, స్కాన్ చేసి, ఏ కట్టడం ఎప్పటిదో రాసిపెట్టారు. మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

చుట్టల వెనక ఒక అట్టపెట్టె దొరికింది. నిండా గోల్ఫు స్కోరుకార్డులు. స్కోర్లు అంతంతమాత్రమే (నాన్న ఒప్పుకోరనుకోండి). అసలు సరుకు వెనకవైపుంది. ప్రతి గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) వాలూ పెన్సిల్‌తో గీసి, నీళ్లు ఎటు జారతాయో బాణాలు వేసుకున్నారు. 4.25 అంగుళాల గుంటలో బంతి వెయ్యడానికి ఇంత తతంగం! చెంబుడు నీళ్లు పోసి చూడందే బాత్రూం నేలని కూడా పాస్ చెయ్యని మనిషి మరి. సొంతంగా ఒక గోల్ఫు కోర్సు (ఆడే మైదానం) వెయ్యాలని ఉండేది, కుదరలేదు. డాక్టరీ వదిలి కోర్సులు వేసిన అలిస్టర్ మెకంజీ అంటే ప్రాణం. గోల్ఫు ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి అమెరికాలో అగస్టా నేషనల్ కోర్సు వేసిన ఆయన, 1934లో అక్కడ మొదటి టోర్నమెంటు జరక్కముందే పోయారని చెప్పినప్పుడల్లా నాన్న గొంతు మారేది.

కార్డుల వెనక నంబర్లు లేవు. ఏ బొమ్మ ఏ గ్రీన్‌దో మాకేం తెలుసు? 20 ఏళ్లు నాన్న బ్యాగు మోసిన క్యాడీ అన్నని అడిగాం. ఆ రోజు పని మానుకుని వచ్చారు. కార్డులు నేల మీద పరిచి, "ఇది ఏడు, ఇది పదకొండు, ఇక్కడే సారు బంతి నీళ్లలో పడింది" అంటూ వరస పెట్టేశారు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అన్నా, మీ రుణం అలాగే ఉంది.

ఒక కార్డు మీద బాణం చెరిగిపోయింది. "ఇక్కడ బంతి ఎడమకే కదా సార్ తిరిగేది?" అన్నారు అన్న. నాన్న తల అడ్డంగా ఊపారు. ఎడమచేత్తో పెన్సిల్ అందుకుని, వంకరటింకరగా ఒక బాణం కుడివైపుకి గీశారు. జబ్బు పడ్డాక ఆయన గీసిన మొదటి గీత అదే.