మార్చి వస్తే మా జెర్సీ సిటీ టీమే గుర్తొస్తుంది

సంపాదకుడు గారికి నమస్కారం,

మీ స్పోర్ట్స్ పేజీలో క్రికెట్ తప్ప ఇంకేం కనపడట్లేదండీ, అందుకే ఇది రాస్తున్నా. అమెరికాలో ప్రతి మార్చిలో కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ జరుగుతుంది, 68 టీమ్‌లు, ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. 2022లో మా జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ 15వ సీడ్‌గా, అంటే తమ గ్రూపులో దాదాపు అట్టడుగు ర్యాంకుతో వెళ్ళి మొదటి మ్యాచ్‌లోనే కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85-79తో కొట్టేసింది! కెంటకీ అంటే ఎనిమిది సార్లు టైటిల్ గెలిచిన టీమ్ అండీ. తర్వాత ముర్రే స్టేట్, ఆ తర్వాత పర్డ్యూని 67-64తో. 15వ సీడ్ టీమ్ చివరి ఎనిమిదిలోకి రావడం అదే మొదటిసారి. మన ఇండియన్ షాపులన్నీ ఉండే జర్నల్ స్క్వేర్‌కి దగ్గర్లోనే ఆ కాలేజీ, అయినా అప్పటిదాకా నేనెప్పుడూ పట్టించుకోలేదు, ఆ వారం మాత్రం నిద్ర లేదు.

ఆ రౌండ్‌లో నార్త్ కరోలినా చేతిలో 69-49తో ఓడిపోయారు, దానికి బాధ లేదు. బాధల్లా తర్వాత జరిగిందే. కోచ్ షహీన్ హాలోవే సీటన్ హాల్ అనే ఇంకో కాలేజీకి వెళ్ళిపోయాడు, మెయిన్ ప్లేయర్లు ఒక్కొక్కరూ వేరే కాలేజీలకి వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టట్లేదు, వాళ్ళ భవిష్యత్తు వాళ్ళది, కానీ చిన్న కాలేజీ అంత కష్టపడి టీమ్ కడితే రెండు నెలల్లో ఖాళీ అయిపోవడం న్యాయమా అండీ? అయినా 2024లో కొత్త పిల్లలతో మళ్ళీ అదే 15వ సీడ్‌గా వచ్చారు, టెనెసీ మీద ఓడారు.

వచ్చే మార్చిలో ఇలాంటి టీమ్‌ల గురించి కనీసం ఒక కాలమ్ ఇవ్వండి ప్లీజ్.

- ఒక పాఠకుడు, జెర్సీ సిటీ