లిఫ్ట్ సంగతి

బుజ్జమ్మా,

పదకొండు రోజుల కిందట 'నాన్నా, ఇంట్లో బండిని పైకెత్తే లిఫ్ట్ కొందామనుకుంటున్నా, ఏది మంచిది' అని మెసేజ్ పెట్టి మాయమైపోయావు. ఫోన్ చేస్తే ఎత్తవు, బొటనవేలు బొమ్మ పంపిస్తావు. సరే, అడిగింది లిఫ్ట్ గురించే కాబట్టి దాని గురించే రాస్తాను. మొన్న గుణదలలో పెళ్లికి వెళ్తే మీ రాజ్యం పిన్ని 'బుజ్జి వీడియో కాల్‌లో కుంటుతున్నట్టుంది బావా' అంది. దాని కళ్లజోడు మార్చి ఐదేళ్లయింది, నేను పట్టించుకోలేదు.

నీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పెట్రోలుతో కలిపి 195 కిలోలు. నువ్వు 52, అదీ అన్నం తింటే. చెయిన్‌కి ఆయిల్ పెట్టడానికి లిఫ్ట్ ఎందుకు, సెంటర్ స్టాండ్ చాలు. ముందు బ్రేకు లివర్‌ని రబ్బరుతో హ్యాండిల్‌కి బిగించి కట్టు, బండి ముందుకి దొర్లదు. చక్రం చేత్తోనే తిప్పు. ఇంజన్ స్టార్ట్ చేసి గేరులో తిప్పేవాళ్ల వేళ్లు ఏమయ్యాయో ఆటోనగర్‌లో చాలా చూశాను. ముందు చక్రం ఊడదీయాలంటే మాత్రం కత్తెర జాకీ కావాలి. కనీసం 400 కిలోలు మోసేది, పైన రబ్బరు ఉన్నది, లాక్ పిన్ను ఉన్నది చూడు. హైడ్రాలిక్ అయితే, అంటే ఆయిల్ ఒత్తిడితో లేచేదైతే, సీలు కారితే మెల్లగా దిగిపోతుంది, అందుకే ఎత్తగానే లాక్ వెయ్యాలి. జాకీ ఫ్రేము మీద ఆనాలి, సైలెన్సర్ పైపు మీద కాదు. టైల్స్ పగులుతాయి, కింద చెక్క వెయ్యి. రెండు పక్కలా బెల్టు కట్టు. బండి మొత్తం పైకెక్కించే పెద్ద టేబుల్ లిఫ్ట్ మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెడితే సెక్రటరీ ఊరుకోడు, అది షెడ్డున్న వాళ్లకి.

ఒక్కదానివే మాత్రం ఎత్తకు. మీ పెదనాన్న పాత బుల్లెట్ తెలుసుగా, దాని ఫ్రేము గొట్టం ఇంజన్ ముందరే ఆగిపోతుంది, కింద ఆనడానికి ఏమీ ఉండదు. ఆయన ఇంజన్ కిందే ఇటుకలు పేర్చి, పైన చెక్క ముక్క పెట్టి, వెనక చక్రం నట్టు రాకపోతే పానాకి పొడుగు గొట్టం తగిలించి ఒక్క గుంజు గుంజాడు. నేను టీకి వెళ్లాను, అదీ నా తప్పే. ఇటుక పొడైంది, బండి ఒరిగింది, ఈయన కాలు అడ్డం పెట్టాడు. బండి పడుతుంటే వదిలేసి పక్కకి దూకాలి గానీ కాలు పెడతారా ఎవరైనా? రెండు నెలలు మంచం. నానమ్మకేమో కృష్ణలో స్నానానికి వెళ్లి మెట్ల మీద జారానన్నాడు. ఆవిడ కట్టు వంకా చూసింది, లుంగీ వంకా చూసింది. 'మెట్లకి ఇంజనాయిల్ ఎవరు పోశార్రా' అంది.

నిన్నేమీ అడగటం లేదు. పొద్దున పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో పార్సిల్ వేశాను. గోంగూర పచ్చడి, కారప్పొడి, మీ అమ్మ కాపడానికి కట్టిన వాము మూట, రెండు సైజుల క్రేప్ బ్యాండేజీ. లిఫ్ట్ నేను వచ్చాక కొందాం, శనివారం బస్సుకి టికెట్ తీశాను.

ఇంతకీ ఏ కాలు?

నాన్న